తనిఖీ గడువును ఏ తేదీ నుంచి లెక్కించాలి?

మిత్రులారా,

బరువులెత్తే గొలుసును ఆరు నెలలకోసారి తనిఖీ చేయాలనుకుందాం. గడువు జూన్ 30. ఇన్‌స్పెక్టర్ తన వీలు చూసుకుని జూన్ 10నే వచ్చి చూసి వెళ్లారు. తర్వాతి గడువు ఎప్పుడు? పాత వరుస ప్రకారం డిసెంబరు 30 అని రాస్తే, ఆ గొలుసు ఆరు నెలల 20 రోజుల పాటు ఎవరి కంటా పడకుండా బరువులు మోస్తుంది. రిజిస్టరులో ఎక్కడా తప్పు కనిపించదు, నియమం మాత్రం తప్పినట్టే.

ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆలస్యంగా, జూలై 12న వచ్చారనుకోండి. చేసిన రోజు నుంచి లెక్కిస్తే జనవరి 12 అవుతుంది. మూడు నెలల తనిఖీ ఇలాగే ప్రతిసారీ 10 రోజులు జారితే, తొమ్మిది విడతలకు 90 రోజులు. అంటే దాదాపు ఒక తనిఖీ మొత్తం ఎగిరిపోయింది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. పాత గడువుకూ వ్యవధి కలపండి, తనిఖీ చేసిన తేదీకీ కలపండి. రెండింటిలో ఏది ముందు వస్తే అదే కొత్త గడువు. దీనివల్ల గడువులు కొంచెం కొంచెం ముందే వచ్చేస్తుంటాయి, ఖర్చూ పెరుగుతుంది. మనుషుల తలల మీద వేలాడే పరికరానికి ఆ ఖర్చు పెట్టాల్సిందే. ఆఫీసు ప్రింటరుకు ఇంత పట్టింపు అక్కర్లేదు.

అమెరికా విమానయాన నిబంధనల్లో 100 గంటల తనిఖీ ఒకటుంది, అంటే కొన్ని విమానాలను ప్రతి 100 గంటల వాడకానికోసారి చూడాలి. తనిఖీ జరిగే చోటికి చేరుకోవడానికి మాత్రమే మరో 10 గంటల వరకు ఎగరనిస్తారు. 107 గంటల దగ్గర తనిఖీ పూర్తయినా తర్వాతిది 200 దగ్గరే, 207 దగ్గర కాదు. వాడుకున్న 7 గంటలూ బాకీ కిందే లెక్క.

నెలల లెక్కలో వేరే చిక్కులున్నాయి. జనవరి 31కి ఒక నెల కలపమంటే ఎక్సెల్‌లో తేదీకి నెలలు కలిపే సూత్రం ఈడేట్ (EDATE) ఫిబ్రవరి చివరి రోజును ఇస్తుంది. జావాస్క్రిప్టు అనే ప్రోగ్రామింగ్ భాషలో నెల అంకెను మాత్రమే పెంచితే, లేని ఫిబ్రవరి 31 కాస్తా మామూలు సంవత్సరంలో మార్చి 3గా మారుతుంది. గడువు దాటిపోయినా తెర మీద హెచ్చరిక రాదు. నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే. ఈడేట్ వాడేవారు కూడా వచ్చిన ఫలితానికే మళ్లీ నెల కలుపుతూ పోతే తేదీ 28 దగ్గరే ఉండిపోతుంది. మూలతేదీని, అంటే లెక్క మొదలుపెట్టిన తేదీని, విడిగా ఉంచి, దానికే ఒకటి, రెండు, మూడు నెలలు కలపండి.

గడువు సెలవు రోజున పడితే పనిని ముందు రోజుకు జరపండి, తర్వాతి రోజుకు కాదు. నడిచిన గంటలు, గడిచిన నెలలు రెండింటి గడువూ వర్తించే యంత్రానికి ఏది ముందు నిండితే అదే గడువు. నడవని యంత్రంలో గంటలు ఆగిపోతాయి గానీ, రబ్బరు గొట్టాలు పాతబడుతూనే ఉంటాయి. అలాంటి యంత్రాన్ని పక్కన పెట్టినప్పుడు ‘వాడుకలో లేదు’ అని తేదీతో సహా రాయండి. మళ్లీ వాడుకలోకి తెచ్చే ముందు పూర్తి తనిఖీ చేయించి, ఆ రోజునే కొత్త మూలతేదీగా తీసుకోండి.