టీచరు ఎలా నేర్చుకుంటారు?

శ్రోతలకు నమస్కారం.

టీచరు ఉద్యోగంలో చేరే మనిషి అప్పటికే పది పదిహేనేళ్లు బెంచీ మీద కూర్చుని టీచర్లను చూసి ఉంటారు. 1975లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ ఈ సంగతిని ఎత్తిచూపారు. టీచరు మాట్లాడటం, బోర్డు మీద రాయడం పిల్లలకు కనిపిస్తాయి. ఆ ప్రశ్న ఎందుకు వేశారో, ఆ లెక్కనే ముందు ఎందుకు తీసుకున్నారో కనిపించవు. కొత్త టీచరుకు పైరూపమే తెలుసు. లోపలి ఆలోచన తెలియాలంటే పక్కన అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి.

అయితే ఆ సీనియర్ వెనక కూర్చుని, "బాగుందమ్మా, కాస్త గొంతు పెంచు" అని లేచి వెళ్లిపోతే ప్రయోజనం లేదు. క్లాసుకు ముందు పది నిమిషాలు మాట్లాడుకుని, ఏం గమనించాలో ఒక్క ప్రశ్నగా ఖాయం చేసుకోవాలి. వెనక వరుసల్లో ఎంతమంది నోరు విప్పుతున్నారు, అన్నట్టుగా. క్లాసులో జరిగింది జరిగినట్టు రాయాలి. "పిల్లలకు ఆసక్తి లేదు" అంటే తీర్పు. "పదో నిమిషం దాకా కిటికీ పక్కన నలుగురు పుస్తకం తెరవలేదు" అంటే ఆధారం. ఆ రోజే కూర్చుని మాట్లాడుకోవాలి, ముందు కొత్త టీచరే మాట్లాడాలి. మార్చుకోవలసింది ఒక్కటే ఎంచుకోవాలి. ఐదారు సలహాలు ఒకేసారి ఇస్తే మర్నాడు ఒక్కటీ అమలు కాదు. ఈ కాగితం ఉద్యోగ మదింపు ఫైలులోకి వెళ్తుందని తెలిస్తే మాత్రం, ఎవరైనా తమకు బాగా వచ్చిన పాఠమే చూపిస్తారు. మార్గదర్శి వేరు, మదింపు చేసే అధికారి వేరు కావాలి.

ఇక సాంకేతికత. టీచరుకు ఫోన్‌లోని వాయిస్ రికార్డర్‌ను మించిన పరికరం లేదని నా అభిప్రాయం. పదిహేను నిమిషాల పాఠం రికార్డు చేసి, ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగారో లెక్కపెట్టండి. పరిశోధకురాలు మేరీ బడ్ రో క్లాసుల టేపులు విని చూస్తే అది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగినప్పుడు జవాబులు పొడవయ్యాయి, జవాబు రాక ఊరుకోవడం తగ్గింది. నిలబడి ఉన్నవాళ్లకు ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం చాలా పెద్దదిగా తోస్తుంది, మనసులో అంకెలు లెక్కపెట్టుకోవాల్సిందే. స్లైడ్లతో చిక్కు కూడా వేగమే. బోర్డు మీద చెయ్యి కదిలే వ్యవధిలో పిల్లలు ఆలోచిస్తారు. స్లైడు ఆ వ్యవధిని మింగేస్తుంది. లెక్కను ఒక్కో మెట్టుగా తెరవండి.

0.4, 0.35లలో ఏది పెద్దది? నాలుగు కన్నా ముప్ఫై ఐదు పెద్దది కాబట్టి 0.35 అనే పిల్లలు చాలామందే ఉంటారు. ఇలాంటి ప్రశ్నకు ఫోన్లలో గానీ, అట్టముక్కలు ఎత్తించి గానీ ఓటు తీసుకోవచ్చు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ పద్ధతి ప్రకారం, 30 నుంచి 70 శాతం దాకా సరైన జవాబిస్తే పక్కవారితో వాదించుకోమని చెప్పి, మళ్లీ ఓటు తీసుకుంటారు. 30 లోపైతే పాఠమే మళ్లీ చెప్పాలి.

ఇక్కడే తోటి టీచర్ల అవసరం. "0.4ను 0.40 అని రాయండి" అని చెప్పగానే క్లాసంతా సరైన జవాబిస్తుంది. కానీ చాలామంది నలభై, ముప్ఫై ఐదులనే పోలుస్తుంటారు, పదో వంతు ఊసే వారికి తట్టదు. బోర్డు దగ్గర నిలబడ్డవాళ్లకు ఇది కనిపించదు. ఒక పిల్లవాడి నోటుపుస్తకం పక్కనే కూర్చుని చూస్తున్నవాళ్లకు కనిపిస్తుంది. జపాన్‌లో వందేళ్లకు పైగా సాగుతున్న పాఠ పరిశీలన పద్ధతి ఇదే. నలుగురైదుగురు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, పిల్లలు ఏమేమి జవాబులు చెప్పగలరో ముందే ఊహించి రాసుకుంటారు. ఒకరు బోధిస్తే మిగతావారు పిల్లల్ని చూస్తారు. తర్వాత పాఠాన్ని సవరించుకుంటారు. అది నలుగురి పాఠం కాబట్టి తప్పు దొరికినా ఏ ఒక్కరూ నొచ్చుకోనక్కరలేదు.

వర్క్‌షీట్లు ఫార్వర్డ్ చేసుకోవడాన్నే సహకారం అనుకుంటే ఇదేదీ జరగదు. కలిసి కూర్చునే సమయం ఉండాలి. టైంటేబుల్ వేసే హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఒకే సబ్జెక్టు టీచర్లందరికీ వారానికి ఒక పీరియడ్ కలిసి ఖాళీ ఉండేలా ముందు ఆ గడి నింపండి, మిగతావి తర్వాత సర్దండి. చివర్లో చూద్దామంటే ఆ పీరియడ్ దొరకదు.