అడ్మిషన్ రిజిస్టర్ తడిసిన తర్వాత

(హనుమకొండలో ఆచార్య జయశంకర్ జయంతి సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, వానలో బండ్ల మీద వచ్చిన టీచర్లకు, ఊరూరి బడులు తిరిగి చూసే సీఆర్పీలకు, బడుల లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించే ఎంఐఎస్ కోఆర్డినేటర్లకు, వెనక నిలబడ్డ నిట్ విద్యార్థులకు దండాలు. అందరినీ పేరుపేరునా తలుచుకోవాలని రాసుకొచ్చాను. నిర్వాహకులు గడియారం చూస్తున్నారు కాబట్టి ఆ కాగితం జేబులోనే ఉంచుతున్నాను.

జయశంకర్ సార్ గురించి మాట్లాడమన్నారు. 1934 ఆగస్టు 6న ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టారు. పాఠాలు చెప్పారు, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది లెక్క. తెలంగాణకు అన్యాయం జరిగిందని ఊరికే అనలేదు. నీళ్లలో మనకెంత వచ్చింది, నిధుల్లో ఎంత, కొలువుల్లో ఎంత అని కాగితాలు ముందు పెట్టి మాట్లాడారు. ఆ కాగితాలు ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట భద్రంగా దాచారు కాబట్టే అది కుదిరింది. అందుకే ఆయన జయంతి నాడు కాగితాల గురించే మాట్లాడతాను. మన సర్కారు బడిలో పిల్లల రికార్డులు ఎక్కడున్నాయి? ఎవరు కాపాడుతున్నారు?

2023 జులై చివరి వారం మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జంపన్నవాగు కొండాయిలో మనుషుల్నే తీసుకుపోయింది. ప్రాణాలు పోయినచోట రిజిస్టర్ల గురించి ఎవరు అడుగుతారు? అప్పుడు ఎవరూ అడగలేదు, అది న్యాయమే. అడగాల్సిన రోజు తర్వాత వచ్చింది.

నేను అప్పుడు పనిచేస్తున్న బడి ఏజెన్సీకి ఆనుకుని ఉంది. ఒకే ఆవరణలో ప్రాథమిక పాఠశాల, హైస్కూల్. నీళ్లు గదుల్లోకి వచ్చి ఇనుప బీరువా కింది రెండు అరలు మునిగాయి. అడ్మిషన్ రిజిస్టర్లు, రికార్డ్ షీట్లు, టీసీ పుస్తకాలు ముద్దముద్దగా బయటికొచ్చాయి. వరండాలో తాళ్లు కట్టి, ఫ్యాన్లు పెట్టి, పేజీ పేజీ విడదీసి ఆరబెట్టాం. బాల్ పెన్నుతో రాసినవి నిలిచాయి. సిరా పెన్నుతో అందంగా రాసిన పాత సార్ల రాత మొత్తం నీలం మరకైపోయింది.

తర్వాతి ఏడాది టీచర్ కొలువుల డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. కొలువుకు లోకల్ అని చూపించాలంటే ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివావో బోనఫైడ్ కావాలి. ఆ ఊరి అమ్మాయి ఒకరు తల్లిని తీసుకుని వచ్చింది. ఆరు, ఏడు తరగతులు మా హైస్కూల్ రిజిస్టర్‌లో దొరికాయి. ప్రాథమిక తరగతుల పేజీ చూస్తే నీలం మరక. రాత లేని పేజీ చూసి ఏ హెడ్మాస్టర్ సంతకం పెట్టగలడు? మండల కార్యాలయానికి పొమ్మన్నాం. అక్కడ పాత దస్త్రాలు జిల్లాలో ఉంటాయన్నారు. ఏ జిల్లా? ఆ అమ్మాయి చదివినప్పుడు ఆ మండలం వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో భూపాలపల్లి అయింది, 2019 ఫిబ్రవరిలో ములుగు అయింది. ఊరు కదల్లేదు గానీ ఫైళ్లు కదిలాయి. ఒక ఆఫీసులో మా దగ్గర లేవన్నారు, ఇంకో ఆఫీసులో మాకు అప్పజెప్పలేదన్నారు. ఆ తల్లి మళ్లీ నా గదికి వచ్చి నిలబడ్డది.

"సారూ, మా పిల్ల గీ ఊర్లనే పుట్టింది, గీ బళ్లెనే సదివింది. గీమె లోకల్ కాదంటే మరి ఎక్కడి పిల్ల?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా? మీ బీరువాలో ఉందా?

చివరికి ఆమె పేరు ఎక్కడ దొరికిందో చెప్తాను వినండి, ఇదే అసలు సంగతి. మండల కేంద్రంలో ఒక గది అటక మీద పాత స్కాలర్‌షిప్ జాబితాల నకళ్లు కట్టగట్టి పడేశారు. ఒక సీఆర్పీ ఓపిగ్గా దుమ్ము దులిపి వెతికితే ఆ అమ్మాయి పేరు, తరగతి, బడి, సంవత్సరం వరుసగా దొరికాయి. వాటి ఆధారంగా పై అధికారి అనుమతి తీసుకుని, సర్టిఫికెట్ల పరిశీలన ఆఖరి రోజు సాయంత్రం కాగితం చేతికిచ్చాం. ఆమెను కాపాడింది ఇంకోచోట ఉన్న రెండో నకలు. అది కూడా అదృష్టవశాత్తు ఉన్నదే తప్ప ఎవరూ అనుకుని పెట్టింది కాదు.

కంప్యూటర్ వాళ్లు దీన్నే బ్యాకప్ అంటారు. మూడు నకళ్లు ఉండాలి, రెండు రకాల చోట్ల ఉండాలి, అందులో ఒకటైనా ఊరికి దూరంగా ఉండాలి. ఇది వాళ్ల వృత్తిలో మొదటి పాఠం. మన బడుల్లో ఈ పాఠం ఇంకా మొదలవలేదు. కంప్యూటర్ ఉన్న బడిలో కూడా రికార్డు ఒకే మెషీన్‌లో, ఒక సార్ పెన్ డ్రైవ్‌లో ఉంటుంది. ఆ సార్ బదిలీ అయితే పెన్ డ్రైవ్ కూడా బదిలీ అవుతుంది.

ప్రతి బడీ సొంతంగా ఏర్పాటు చేసుకోవచ్చు కదా అంటారు కొందరు. సమగ్ర శిక్షా కింద వచ్చే స్కూల్ గ్రాంట్ చూడండి. ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. వంద మంది దాకా ఉంటే 25,000. సుద్దముక్కలు, చీపుర్లు, కరెంటు బిల్లు, పగిలిన నల్లా అన్నీ అందులోనే. ఆ డబ్బుతో సర్వర్ కొనే మాటెందుకు, యూపీఎస్ బ్యాటరీ మార్చడమే కష్టం. కొన్నా ఎవరు చూస్తారు? ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదు వేల హైస్కూళ్లకు కంప్యూటర్లు ఇచ్చారు. ఐదేళ్ల ఒప్పందం. గడువు తీరాక మా బడిలో కంప్యూటర్ నేర్పే పిల్లవాడు వెళ్లిపోయాడు, గదికి తాళం పడింది, మౌస్ తీగలు ఎలుకలు కొరికాయి. కొన్న రోజు ఫొటో దిగడానికి అందరం ఉన్నాం. ఆరో ఏడు మరమ్మతు ఎవరిదో మాత్రం ఎక్కడా రాసి లేదు.

అందుకే నేను అడుగుతున్నది ఉమ్మడి ఏర్పాటు. హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి. పాత వరంగల్ ఆరు ముక్కలైంది. పరిపాలనకు అది మంచిదే. కానీ ఆరు జిల్లాల బడి రికార్డులకు ఆరు వేర్వేరు గదులు అక్కర్లేదు. ఒకే క్లౌడ్ తీసుకుందాం. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ ఉండదు. ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో వేరేవాళ్లు నడిపే యంత్రాల్లో మనకు కావలసినంత చోటు, కావలసినన్ని రోజులు అద్దెకు తీసుకోవడం. జూన్‌లో బడిబాట అప్పుడు, పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితాలు, అదే నామినల్ రోల్స్, పంపేటప్పుడు అందరం ఒకేసారి మీద పడతాం. అప్పుడు ఎక్కువ యంత్రాలు, మే నెలలో తక్కువ. సొంత సర్వర్ కొంటే ఆ పది రోజుల రద్దీ కోసం ఏడాదంతా పెద్ద యంత్రాన్ని మేపాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. కేంద్రం ప్రభుత్వ శాఖల కోసం మేఘరాజ్ పేరుతో క్లౌడ్ విధానం తెచ్చి, 2014లో తన కంప్యూటర్ సేవల సంస్థ ఎన్ఐసీ ద్వారా నేషనల్ క్లౌడ్ మొదలుపెట్టింది. కేరళలో 2001లో ఐటీ@స్కూల్ మొదలైంది, 2017లో అదే కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. అక్కడి సంపూర్ణ అనే ఏర్పాటులో పిల్లల వివరాలన్నీ ఒకచోట ఉంటాయి, టీసీ కూడా దాని నుంచే వస్తుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1948లోనే చిన్న బడి జిల్లాలు, అంటే అక్కడ బడులు నడిపే స్థానిక సంస్థలు, కలిసి సేవలు పంచుకోవడానికి చట్టం చేసింది. ఇల్లినాయిస్‌లో బ్లూమింగ్టన్ బడి జిల్లా వాళ్లు చొరవ తీసుకుని ఇల్లినీక్లౌడ్ అని బడులన్నిటికీ ఒక ఉమ్మడి క్లౌడ్ పెట్టుకున్నారు. డబ్బున్న దేశంలోనే విడివిడిగా మోయలేక కలిశారు. మనం ఎందుకు కలవకూడదు?

ఉమ్మడి అనగానే పెత్తనం ఎవరిదన్న గొడవ వస్తుంది. కాకతీయులు కట్టిన గొలుసుకట్టు చెరువులు చూడండి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. కానీ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారాలో చూసేందుకు ఊరు ఒక నీరటిని పెట్టుకునేది. పంటప్పుడు అతనికి ధాన్యం కొలిచేవారు. మన క్లౌడ్‌కూ నీరటి కావాలి. జీతం ఇచ్చి పెట్టుకున్న ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. నిట్ పిల్లలు ఉత్సాహంగా ముందుకొస్తున్నారు, సంతోషం. కానీ నాలుగేళ్లకు వాళ్ల చదువైపోతుంది. పిల్లల రికార్డు యాభై ఏళ్లు ఉండాలి.

ఇంటర్నెట్ సంగతి. కన్నాయిగూడెం, కొత్తగూడ, గంగారం నుంచి వచ్చిన వాళ్లు నవ్వుకుంటున్నారేమో, సిగ్నలే లేనిచోట క్లౌడ్ ఏమిటని. మీ మాట నిజం. మిషన్ భగీరథ పైపుల వెంట టీ-ఫైబర్ తీగ వేసే పథకం ఉంది. అది బడి గోడ దాకా రావాలి. అప్పటిదాకా బడిలో ఒక చిన్న యంత్రం, నెట్ లేనప్పుడు అందులో రాసుకోవడం, మండల కేంద్రానికి వచ్చినప్పుడో సిగ్నల్ దొరికినప్పుడో పైకి పంపడం. నెట్ లేకపోతే పని ఆగిపోయే సాఫ్ట్‌వేర్‌ను ఒప్పుకోకండి. పిల్లల వివరాలు ఎక్కించే సైట్ రాత్రి పన్నెండింటికి ఖాళీగా ఉంటుందని అలారం పెట్టుకుని లేచి ఎంట్రీ చేసిన టీచరమ్మలు ఈ సభలో ఉన్నారు. ఆ శిక్ష మళ్లీ వేయకూడదు.

ఒకసారి చేతులెత్తండి. ఎంట్రీ చేసిపెట్టమని బడి లాగిన్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి జిరాక్స్ సెంటర్‌లో ఇచ్చినవాళ్లు ఎంతమంది?

చాలు, దించండి. మిమ్మల్ని తప్పుపట్టడానికి అడగలేదు. గత్యంతరం లేక ఇచ్చారు, పైగా జేబులోంచి డబ్బు కట్టి మరీ ఇచ్చారు. కానీ అన్నీ ఒకచోట పెట్టినప్పుడు ప్రమాదం కూడా ఒకచోటికి చేరుతుంది. 2024 డిసెంబరులో అమెరికాలో వేల బడి జిల్లాలు వాడే ఒక రికార్డుల వ్యవస్థలోకి దొంగిలించిన లాగిన్‌తో చొరబడి కోట్ల మంది పిల్లల వివరాలు ఎత్తుకుపోయారు. మన దగ్గర ఆధార్, కులం, తల్లిదండ్రుల ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా అన్నీ ఉంటాయి. కాబట్టి ప్రతి టీచర్‌కు సొంత లాగిన్ ఉండాలి, పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ ఉండాలి, ఒక బడివాళ్లకు ఇంకో బడి పిల్లల వివరాలు కనిపించకూడదు. ఎవరు ఎప్పుడు ఏ పేజీ తెరిచారో నమోదు కావాలి. 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగట్టింది. వాళ్ల వివరాలు చూసి ప్రకటనలు గురిపెట్టే కంపెనీ ఎంత చవగ్గా ఇస్తానన్నా మనకొద్దు.

ఒప్పందంలో ఇంకో రెండు మాటలు ఉండాలి. కంపెనీ మారితే మన రికార్డులన్నీ మామూలు ఫైళ్లుగా, ఇంకెవరైనా తెరవగలిగేలా మన చేతికి రావాలి. ఏడాదికోసారి బ్యాకప్ నుంచి ఒక బడి రికార్డు మొత్తం తిరిగి తీసి చూపించాలి. తీసి చూడని బ్యాకప్‌ను నేను నమ్మను. ఒక నకలు హైదరాబాద్‌లో ఉంటే ఇంకొకటి వేరే రాష్ట్రంలో ఉండాలి. మొన్నటి వాన రేపు ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు?

నిర్వాహకులు చీటీ పంపారు. ఒక్క నిమిషం.

క్లౌడ్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ నెలలోనే ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌లో పాత అడ్మిషన్ రిజిస్టర్లు పేజీ పేజీ స్కాన్ చేయించండి. సిరాతో రాసినవి ముందు. వాగు పక్క బడులవి ఇంకా ముందు. బీరువాలో కింది అరలు ఖాళీ చేసి పై అరకు ఎక్కించండి, దానికి జీవో అక్కర్లేదు.

ఆరు జిల్లాల డీఈఓలకు పంపే తీర్మానం ఆ బల్ల మీద ఉంది. సంతకం ఒక్కటే పెట్టి వెళ్లకండి. మీ బడి పేరు పక్కన ఏ కంపెనీ సిగ్నల్ వస్తుందో, కరెంటు ఏ వేళ పోతుందో, ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయో, ఏ సంవత్సరం నుంచి రిజిస్టర్లు ఉన్నాయో రాయండి. ప్రణాళిక వేసేవాళ్లకు ముందు కావలసింది ఆ లెక్కే. గేటు దగ్గర మా మిత్రులు పెన్నులు పట్టుకుని నిలబడ్డారు, బాల్ పెన్నులే. నమస్కారం.