పీజీలో గ్రేడు ఎలా కడతారంటే

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి వాళ్లే కాదు, కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి కూడా వచ్చారు, చాలా సంతోషం. మీలో కొందరు ఇక్కడే ఒడిశాలో బరంపురం యూనివర్సిటీకి వెళ్తారు, కొందరు పాతపట్నం దాటి ఆంధ్రలో ఎచ్చెర్లకో విశాఖకో పోతారు. ఎటు వెళ్లినా పీజీలో గ్రేడు ఎలా పడుతుందో ముందే తెలుసుకుని వెళ్లండి. మన పిల్లలు కష్టపడి చదివి కూడా ఆ లెక్క తెలియక నష్టపోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

మొదటి మాట క్రెడిట్ల గురించి, అంటే ఒక్కో పేపరుకి ఇచ్చే బరువు గురించి. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా జరిగే పాఠానికి ఒక క్రెడిట్, ప్రాక్టికల్ అయితే వారానికి రెండు గంటలకి ఒకటి. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’ (O) గ్రేడుకి 10, ఏ ప్లస్‌కి 9, ఏకి 8, అలా దిగుతూ సీకి 5, పీకి 4, ఎఫ్‌కి సున్నా. పరీక్షకి వెళ్లకపోయినా సున్నాయే. ఇప్పుడు ఒక అమ్మాయికి నాలుగు క్రెడిట్ల పేపర్లో సీ, రెండు క్రెడిట్ల పేపర్లో ఓ వచ్చాయనుకోండి. నాలుగైదులు ఇరవై, రెండు పదులు ఇరవై, మొత్తం 40, దాన్ని ఆరు క్రెడిట్లతో భాగిస్తే సగటు 6.67. అవే గ్రేడులు అటూ ఇటూ మారి పెద్ద పేపర్లో ఓ వచ్చి ఉంటే 50ని ఆరుతో భాగించాలి, అంటే 8.33! అందుకే సిలబస్ చేతికి రాగానే ఏ పేపరుకి ఎన్ని క్రెడిట్లో చూసుకోండి. ఇష్టమైన చిన్న పేపర్ మీదే రాత్రంతా కూర్చుని పెద్దదాన్ని వదిలేయకండి.

రెండోది ఇంటర్నల్స్, అంటే సెమిస్టర్ మధ్యలో డిపార్ట్‌మెంట్లోనే పెట్టే టెస్టులు, సెమినార్ల మార్కులు. ఎన్ని మార్కులన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది గానీ, మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. చుట్టూ అందరూ ఒడియాలో మాట్లాడుకుంటుంటే, మనం లేచి ఇంగ్లీషులో సెమినార్ చెప్పాలంటే టెన్షన్ సహజమే. అయినా మానేయొద్దు. సెమిస్టర్ చివర మూడు గంటల పరీక్షలో ఆ మార్కులు తిరిగి రావు, పైగా కొన్ని చోట్ల ఇంటర్నల్స్‌లో విడిగా పాస్ కావాలి కూడా.

గ్రేడు వేయడంలోనూ రెండు పద్ధతులున్నాయి. ఇన్ని మార్కులకి ఇంత అని ముందే గీత గీసేది ఒకటి, క్లాసులో మిగతావాళ్లతో పోల్చి వేసేది ఇంకొకటి. మీ డిపార్ట్‌మెంట్లో ఏది నడుస్తుందో సీనియర్లని అడగండి.

ఇక అసలు చిక్కు చదువయ్యాక వస్తుంది. లెక్చరర్ ఉద్యోగానికి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలంటే పీజీలో జనరల్ వాళ్లకి 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (క్రీమీ లేయర్ కానివాళ్లు), వికలాంగులకి 50 శాతం ఉండాలి, 54.9 ఉంటే 55 అని లెక్కేయరు. మీ చేతిలో ఉండేదేమో సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్లూ కలిపిన గ్రేడు సగటు. దాన్ని శాతంలోకి మార్చే సూత్రం అన్ని చోట్లా ఒకటి కాదు. 5.8ని పదితో గుణిస్తే 58 శాతం, ముందు అర పాయింటు తీసేసి గుణించే చోట అది 53 అవుతుంది. అదే చదువు, అదే గ్రేడు, ఒక చోట జనరల్ అభ్యర్థి అర్హుడు, ఇంకో చోట కాడు. ఇది నాకు ఎంతమాత్రం న్యాయంగా అనిపించదు, కానీ ఉన్న రూలు అది. కాబట్టి మార్కుల లిస్టు వెనక సూత్రం అచ్చేసి ఉందో లేదో చూడండి, లేకపోతే కన్వర్షన్ సర్టిఫికెట్ తీసుకున్నాకే యూనివర్సిటీ వదలండి. రాష్ట్రం మారేవాళ్లకి మైగ్రేషన్ సర్టిఫికెట్ ఎలాగూ కావాలి, రెండూ ఒకేసారి అడిగేయండి.

మార్కులు తక్కువ పడ్డాయని గట్టిగా అనిపిస్తే ఊరికే కూర్చోకండి. దిద్దిన జవాబు పత్రం చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. రీవాల్యుయేషన్‌కి గడువు తక్కువ ఇస్తారు, ఫలితాలొచ్చిన రోజే నోటీసు చదవండి. దరఖాస్తు రాయడం తెలియకపోతే నా దగ్గరికి రండి, కలిసి రాద్దాం.