ఖాళీ తర్వాత ఏముందో చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట మారతహళ్ళి ట్రాఫిక్‌ను దాటుకుని వచ్చారు, అదే సగం పరీక్ష. ఈరోజు మన విషయం బ్యాంకు పరీక్షల ఇంగ్లిష్‌లో వచ్చే క్లోజ్ టెస్ట్, అంటే పేరాలో మధ్య మధ్య మాటలు తీసేసి ఆ ఖాళీలు నింపమనే ప్రశ్న.

నేను బెంగళూరు వచ్చిన కొత్తలో మా పీజీ (పేయింగ్ గెస్ట్ వసతి) సందు చివర ఒక చిన్న బూత్ ఉండేది. కన్నడ లిపి మనకు దగ్గరే కదా, కూడబలుక్కుని చదివితే 'హాలు' అని ఉంది. ఇంత చిన్న డబ్బాలో హాలేమిటి అనుకున్నాను. దాని పక్కన 'మొసరు' అని ఉంది. మొసరంటే పెరుగని అప్పటికే మెస్సులో తెలుసు. పెరుగు పక్కన ఉండేది పాలే కదా! మన 'ప' వాళ్ళకు చాలా మాటల్లో 'హ' అయిందని ఆ తర్వాతెప్పుడో చదివాను.

క్లోజ్ టెస్ట్ చేయడమంటే అచ్చంగా ఇదే. పక్క మాటే జవాబు చెబుతుంది.

1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ ఈ పద్ధతి పెట్టింది మనల్ని ఏడిపించడానికి కాదు, ఒక రాత పాఠకుడికి ఎంత సులువుగా ఎక్కుతుందో కొలవడానికి. మన పరీక్షల్లో మాటల్ని ఏరి మరీ తీసేస్తారు. ఏరి తీశారంటే ఆధారం ఆ పేరాలోనే ఎక్కడో ఉంచారన్నమాట.

నేనది తెలుసుకోక మొదటి బ్యాంకు పరీక్ష పోగొట్టుకున్నాను. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ అనే సంస్థ పెట్టే పరీక్షలో మొదటి దశ, ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలకు 20 నిమిషాలు, తప్పుకు పావు మార్కు కోత. టెన్షన్‌లో పేరా చదవకుండా ఆప్షన్ల మీద పడ్డాను. అప్పట్లో నేను వెళ్ళిన కోచింగ్‌లో మాటల లిస్టులు బట్టీ పట్టించేవారు. ఆప్షన్లన్నిటికీ అర్థాలు తెలుసు, ఏది పెట్టాలో మాత్రం తెలియలేదు.

ఒకటి చూద్దాం. 'ది రెయిన్స్ కేమ్ లేట్, డాష్ ది హార్వెస్ట్ వాజ్ గుడ్.' కామా దగ్గర ఆగినవాడు 'సో' పెడతాడు. చివరి 'గుడ్' దాకా వెళ్ళినవాడికి 'యెట్' తడుతుంది. వానలు ఆలస్యమయ్యాయి, అయినా పంట బాగుంది. తెలుగులో 'అయినా' ఎక్కడ పడుతుందో మీకెవరూ నేర్పలేదు కదా.

అయితే ఆ తెలుగే ప్రిపోజిషన్ల దగ్గర మన కొంప ముంచుతుంది. మనం ఒకరి 'మీద' కోపపడతాం కాబట్టి 'యాంగ్రీ ఆన్' అంటాం. ఇంగ్లిష్‌వాళ్ళది 'యాంగ్రీ విత్'. ఒక విషయం 'గురించి' చర్చిస్తాం కాబట్టి 'డిస్కస్ అబౌట్' అంటాం. అక్కడ 'అబౌట్' అక్కర్లేదు. ఒకరి'తో' పెళ్ళయింది, కాబట్టి 'మ్యారీడ్ విత్'. కావలసింది 'టు'. ఇలా మన విభక్తి తప్పుదారి పట్టించే జంటలకు విడిగా ఒక నోట్‌బుక్ పెట్టండి. వెయ్యి మాటల లిస్టు కన్నా నాకు అదే పనికొచ్చింది.

ఇక రోజువారీ సాధన. ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్‌లో ఒక పేరా తీసుకోండి. ఏడెనిమిది మాటల మీద రూమ్మేట్ చేత నల్ల స్కెచ్ పెన్నుతో గీయించండి. గీసే ముందు ఫోటో తీసుకోమనండి, లేకపోతే జవాబులు ఎవరికీ గుర్తుండవు. మా రూమ్‌లో ఆ గొడవ బాగానే జరిగింది. ఆప్షన్లు లేకుండా ముందు మీకు తోచిన మాట రాయండి, ఆ తర్వాత సరిచూసుకోండి.

ఇప్పుడు అలాంటి కాగితాలే మీకు పంచుతున్నాను. మొదటి నిమిషం ఎవరూ పెన్ను మూత తీయొద్దు. చివరి వాక్యం దాకా చదవండి, నేను టైం చూస్తాను.