ఈత వచ్చినవాడు లైఫ్‌గార్డు కావాలంటే

[దృశ్యం: మైపాడు తీరం, ఆదివారం సాయంత్రం. మోకాలి లోతు నీళ్లలో పిల్లలు, ఒడ్డున చెప్పులు చేతపట్టుకున్న తల్లులు.]

నమస్కారం. కార్తీక పౌర్ణమికి ఇక్కడ నెల్లూరు దగ్గర మైపాడులోనైనా, ఒంగోలు దగ్గర కొత్తపట్నంలోనైనా ఇసుక కనిపించనంత జనం వస్తారు. ఆ రోజు ఒడ్డున పోలీసులతో పాటు గజ ఈతగాళ్లను నిలబెడతారు. వారిలో చాలామంది చుట్టుపక్కల పాలేల మత్స్యకార యువకులే. ఈ వీడియో ముఖ్యంగా వారి కోసమే. పుట్టుకతో వచ్చిన ఆ విద్యకు శిక్షణ, సర్టిఫికెట్ తోడైతే పండగ పూట దొరికే పని ఏడాది పొడవునా చేసుకునే లైఫ్‌గార్డు ఉద్యోగం, అంటే నీళ్లలో మునిగేవారిని కాపాడే ఉద్యోగం కాగలదు.

[దృశ్యం: నీటిలో ఒక తల. దగ్గరగా చూపాలి.]

మునిగిపోతున్న మనిషిని గుర్తుపట్టడంతోనే శిక్షణ మొదలవుతుంది. చేతులు ఊపుతూ కేకలు వేస్తాడని మనం అనుకుంటాం. ఊపిరి తీసుకోవడానికే వ్యవధి లేనివాడు కేక ఎలా వేస్తాడు? తల వెనక్కి వాలి ఉంటుంది. నోరు నీటి మట్టం దగ్గర తేలుతూ మునుగుతూ ఉంటుంది. రెండు చేతులూ పక్కలకు చాచి నీటిని కిందికి అదుముతుంటాడు. ఒడ్డు నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. చాలాసార్లు ఒక నిమిషం కూడా గడవకముందే ఆ తల కనిపించకుండా పోతుంది.

తరువాత సముద్రాన్ని చదవడం నేర్పుతారు. విరుగుతున్న అలల మధ్య ఒకచోట నీరు నిశ్చలంగా కనిపిస్తుంది. పొరుగూరి నుంచి వచ్చినవారు భద్రమనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. దానికి ఎదురీదితే ఎంతటి ఈతగాడికైనా రెక్కలు పడిపోతాయి. తీరం వెంబడి పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డు వైపు తిరగాలి.

[దృశ్యం: రెస్క్యూ ట్యూబ్‌తో ఇద్దరు యువకుల సాధన.]

కాపాడే పద్ధతికి ఒక వరుస ఉంది. ముందు కర్రో తాడో అందించాలి, లేదా తేలే వస్తువు విసరాలి, వీలైతే పడవలో వెళ్లాలి. నీళ్లలోకి దూకడం ఆఖరి మాట. మునుగుతున్నవాడు చేతికి దొరికిన మనిషి మీదికే ఎక్కబోతాడు. తమ్ముడి కోసం దూకిన అన్న కూడా తిరిగి రాలేదన్న వార్తలు ఎన్నిసార్లు చదివామో! అందుకే శిక్షణ పొందినవాడు తనకూ మునుగుతున్నవాడికీ మధ్య నీటిపై తేలే రెస్క్యూ ట్యూబును ఉంచుతాడు.

[దృశ్యం: ఇసుక మీద బొమ్మతో సీపీఆర్.]

ఇక్కడ కాస్త ఆగుదాం. ఒడ్డుకు తెచ్చిన మనిషిని తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన క్షణాలూ పోతాయి. స్పృహ, శ్వాస లేకపోతే వెంటనే 108కి ఫోను చేయించి సీపీఆర్, అంటే నోటితో శ్వాస ఇస్తూ ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స మొదలుపెట్టాలి. అతనికి కరువైంది ప్రాణవాయువు కనుక ముందు నోటి ద్వారా శ్వాస ఇవ్వాలి. ఆ తరువాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 శ్వాసలు. పెద్దవారికైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. రెండు నిమిషాలకే చేతులు వణుకుతాయి. అందుకే సాధన కావాలి.

ఇక సర్టిఫికెట్. మన దేశంలో పుణే కేంద్రంగా రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ ఉంది. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ కింద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది. శిక్షణలో చేరేముందు పెట్టే ఈత పరీక్ష ఎలా ఉంటుందో అంచనాకు అమెరికన్ రెడ్ క్రాస్ పద్ధతి చూడండి: కనీస వయసు 15 ఏళ్లు. కొంత దూరం ఈది, 7 నుంచి 10 అడుగుల లోతుకు మునిగి, సుమారు నాలుగున్నర కిలోల బరువు తీసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెల్లకిలా ఈదుతూ వచ్చి గట్టెక్కాలి. మొత్తం 1 నిమిషం 40 సెకన్లలో పూర్తి చేయాలి. శిక్షణ ముగిశాక ఇచ్చే సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది, మళ్లీ పరీక్ష రాయక తప్పదు. ఆ నియమం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

ఆడపిల్లలు కూడా ఈ శిక్షణకు రావాలి. స్నానాల రోజు నీళ్లలో సగంమంది స్త్రీలే కదా.

చేరేముందు ఒక్క విషయం అడిగి తెలుసుకోండి: ఇచ్చేది ఈతకొలను సర్టిఫికెట్టా, సముద్రతీరం సర్టిఫికెట్టా? కొలనులో అలలు ఉండవు. మైపాడులో నిలబడాలనుకునేవారు రెండోదే అడగాలి.