సంఘం లెటర్‌హెడ్ ఎవరిది?

కార్యవర్గంలోకి కొత్తగా వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. ఈ రోజు ఒక ఉత్తరం గురించి చెబుతాను.

బాయిలర్లు ఎలా ఉండాలో చెప్పే కోడ్‌ను అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎంఈ తయారుచేస్తుంది. బాయిలర్‌లో నీళ్లు తగ్గితే ఇంధనాన్ని ఆపేసే పరికరం ఒకటి ఉంటుంది. అది కాసేపు ఆగి పనిచేస్తే కోడ్ ఒప్పుకుంటుందా అని 1971లో ఆ సంఘానికి ఒక ఉత్తరం వచ్చింది. చూడ్డానికి మామూలు సందేహమే. కానీ పంపింది ఆ మార్కెట్‌లో పైచేయి ఉన్న మెక్‌డొనెల్ అండ్ మిల్లర్ కంపెనీ. హైడ్రోలెవెల్ అనే చిన్న పోటీదారు అలా ఆగి పనిచేసే పరికరాన్నే అమ్ముతోంది. ఆ ఉత్తరం రాయడంలో చెయ్యి వేసినవాళ్లలో ఒకరు మెక్‌డొనెల్ కంపెనీ వైస్ ప్రెసిడెంటు, ఆ కోడ్ చూసే ఏఎస్ఎంఈ ఉపసంఘానికి ఉపాధ్యక్షుడు కూడా. ఇంకొకరు ఆ ఉపసంఘం అధ్యక్షుడే. జవాబు తయారీలోనూ ఆ అధ్యక్షుడి చెయ్యి ఉంది. ప్రశ్నా వాళ్లదే, జవాబూ వాళ్లదే! జవాబు మాత్రం సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్లింది. దాన్ని చూపించి, మెక్‌డొనెల్ వాళ్లు హైడ్రోలెవెల్ పరికరం కోడ్‌కు విరుద్ధమని కొనేవాళ్లకు చెప్పారు. ఆ కంపెనీ దెబ్బతింది.

1982లో అమెరికా సుప్రీంకోర్టు సంఘాన్నే బాధ్యురాలిని చేసింది. ఉపసంఘంలోని ఆ ఇద్దరూ జీతం లేకుండా సేవ చేస్తున్నవాళ్లే. 'ఊరికే చేస్తున్నాం కదా, ఇంత పట్టింపు ఎందుకు' అని మనమూ అంటుంటాం. ఆ మాట నాకు భయం కలిగిస్తుంది. జీతం లేకపోయినా చేతిలో సంతకం ఉంటుంది.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒకసారి క్రమశిక్షణ కమిటీలో, నాతో కలిసి పనిచేసిన మనిషి మీద ఫిర్యాదు వచ్చింది. నేను నోరు విప్పలేదు, అదే న్యాయం అనుకున్నాను. తర్వాత ఫిర్యాదు చేసినావిడ కారిడార్‌లో ఆపి, "మీరు ఆ గదిలోనే ఉన్నారు కదండీ, మీ ముందు వాళ్లేం మాట్లాడతారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మౌనంగా కూర్చోవడం తప్పుకోవడం కాదని ఆ రోజు తెలిసింది. లేచి బయటికి వెళ్లాల్సింది. వెళ్లినట్టు మినిట్స్‌లో రాయించాల్సింది.

లెక్కలు చూపడం, ఎన్నికలు సమయానికి పెట్టడం లాంటివి నియమావళిలో ఉన్నాయి, చదువుకోండి. మీ ముందున్న కాగితం మాత్రం ఇప్పుడే చూడండి. మీరు, మీ ఇంట్లోవాళ్లు ఏ సంస్థల్లో ఉన్నారో, ఎక్కడ వాటాలున్నాయో అందులో రాయాలి. టీకి లేచే లోపు నింపి ఇవ్వండి. నాది ఇందాకే ఇచ్చాను, ఎవరైనా తీసి చూడవచ్చు.