జబ్బు చేయని జంతువులో జబ్బును వెతకడం

(నెల్లూరులో పశువైద్యులు, అటవీ సిబ్బంది, జీవశాస్త్ర విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. కోవూరు వైపు ఒక పాడిరైతు కొట్టంలో మూడు గేదెలు వరసగా ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకుండానే గర్భం పోయింది. పశువుల్లో గర్భం పోగొట్టే బ్రూసెల్లా ఉందేమోనని పరీక్ష చేయిస్తే లేదని వచ్చింది. లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి అయి ఉంటుందని నాకు అనుమానం. పొద్దున్నే మూత్రం పట్టి, సీసాలకు మూతలు బిగించి, గుడ్డసంచిలో పెట్టుకొని బస్సెక్కాను. మే నెల ఎండ. పరీక్ష చేసే చోటికి చేరేసరికి చీకటిపడింది, తలుపులు మూసేశారు. మర్నాడు ఉదయం సీసాలు అందజేశాను. వాళ్లు శ్రద్ధగానే చూసి, ఏమీ కనిపించలేదన్నారు. నేను తిరిగొచ్చి రైతుతో, ‘నీ గేదెలకు ఆ జబ్బు లేదయ్యా’ అన్నాను. నిజానికి నేను చెప్పవలసిన మాట అది కాదు. ‘నేను మోసుకెళ్లిన సీసాలో బతికున్నది ఏదీ లేదు’ అని చెప్పాలి. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

లెప్టోస్పైరోసిస్‌ను మనవాళ్లు ఎలుక జ్వరం అంటారు. ఎలుక మీద ఇంత నింద వేయడం పూర్తిగా న్యాయం కాదు. పశువు, పంది, కుక్క, ముంగిస, గబ్బిలం, అడవిపంది, దుప్పి, ఇలా పాలిచ్చే జంతువుల్లో దీనికి చోటివ్వని జాతిని చెప్పడమే కష్టం. 1886లో జర్మనీలో అడాల్ఫ్ వైల్ అనే వైద్యుడు కామెర్లు, మూత్రపిండాల వైఫల్యం కలిసి వచ్చే జ్వరాన్ని వర్ణించాడు. 1907లో అమెరికాలో స్టిమ్సన్, పచ్చజ్వరంతో (యెల్లో ఫీవర్) చనిపోయాడనుకున్న ఒక రోగి మూత్రపిండపు ముక్కకు వెండి రంగు అద్ది చూశాడు. కొసలు వంగి, ప్రశ్నార్థకంలా ఉన్న సన్నటి మెలికలు కనిపించాయి. అందుకే దాని పేరులో ‘ఇంటరోగన్స్’ అనే మాట చేరింది. జబ్బుకు ఇదే కారణమని 1915లో జపానులో ఇనాడా, ఇడో తేల్చారు. మొదటిసారి కనిపించింది మూత్రపిండంలో అన్న సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే అందులో ఒక భాగం దీని మందం. పొడవు దానికి సుమారు నూరింతలు. మామూలు సూక్ష్మదర్శినిలో వెలుతురు దీని మీదుగా దాటిపోతుంది తప్ప ఇది కంటికి ఆనదు. డార్క్ ఫీల్డ్ సూక్ష్మదర్శినిలో, నల్లటి నేపథ్యం మీద పక్కనుంచి వెలుగు పడినప్పుడు, వెండి జరీపోగులు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అది కూడా మిల్లీలీటరుకు పదివేలకు తక్కువ కాకుండా ఉంటేనే. అనుభవం లేని కన్ను రక్తంలోని పీచుపోగులను చూసి లెప్టోస్పైరా అనుకున్న సందర్భాలు కోకొల్లలు. అలా అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

జంతువు ఒంట్లోకి చేరాక ఇది మొదటి వారం రోజులూ రక్తంలో తిరుగుతుంది. ఆ తరువాత యాంటీబాడీలు తయారై రక్తం నుంచి దీన్ని తరిమేస్తాయి. అప్పుడిది మూత్రపిండాల సన్నటి నాళికల్లోకి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ యాంటీబాడీల పట్టు తక్కువ. రెండో వారం నుంచి మూత్రంలో బయటికి వస్తుంది, అదీ రోజూ ఒకే లెక్కన కాదు. ఇవాళ వస్తుంది, రేపు రాదు, ఎల్లుండి మళ్లీ వస్తుంది. కాబట్టి రక్తంలో వెతకవలసిన రోజు మూత్రంలో, మూత్రంలో వెతకవలసిన రోజు రక్తంలో వెతికితే ఎంత ఖరీదైన యంత్రమైనా ‘లేదు’ అనే చెబుతుంది. అడవి జంతువు విషయంలో మనకు అసలు చిక్కు ఇదే. ఆ జంతువుకు జబ్బు ఎప్పుడు సోకిందో మనకు తెలియదు. చాలాసార్లు జబ్బు చేసినట్టే కనిపించదు.

ఎందుకు కనిపించదు? ఒక్కో రకం లెప్టోస్పైరాకు ఒక్కో సొంత ఇల్లు ఉంటుంది. హార్జో రకానికి పశువు, కానికోలా రకానికి కుక్క, ఇక్టెరోహెమరేజియే రకానికి ఎలుక. సొంత ఇంట్లో అది గొడవ చేయదు. ఎలుక తింటుంది, పిల్లల్ని పెడుతుంది, పరిగెడుతుంది, బతికినన్నాళ్లూ మూత్రంలో వదులుతుంది. అదే రకం పొరుగింటికి, అంటే మనిషికో కుక్కకో చేరినప్పుడే కామెర్లు, రక్తస్రావం, చావు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన సామెత. ఆ సామెతకు ప్రయోగశాలలో రుజువు కావాలంటే ఒక పరీక్ష గురించి కాస్త ఓపిగ్గా వినాలి.

దాని పేరు మైక్రోస్కోపిక్ అగ్లుటినేషన్ టెస్ట్, క్లుప్తంగా మ్యాట్ అంటారు. 1918లో ఫ్రాన్సులో మార్టిన్, పెటీ మొదలుపెట్టిన పద్ధతి. నూరేళ్లు దాటినా ప్రామాణిక పరీక్షగా ఇంకా అదే చెలామణి అవుతోంది. ప్రయోగశాలలో రకరకాల లెప్టోస్పైరాలను బతికించి పెంచుతారు. జంతువు సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని, రెట్టింపు చొప్పున పలచన చేసుకుంటూ పోయి, ఒక్కో గుంటలో ఒక్కో రకాన్ని కలుపుతారు. రెండు గంటల తరువాత డార్క్ ఫీల్డ్ కింద చూస్తారు. యాంటీబాడీలు ఉంటే ఆ మెలికలు ఒకదానికొకటి అంటుకొని ముద్దకడతాయి. సగం ముద్దకట్టే చివరి పలచన ఎంతో, అదే ఫలితం. నూరింతలు పలచన చేసినా ముద్దకడితే, ఈ జంతువు ఎప్పుడో ఒకప్పుడు లెప్టోస్పైరాను ఎదుర్కొందని సాధారణంగా చెబుతారు.

ఈ పరీక్షలోని గొప్పతనం ఏమిటంటే ఇది జంతువు కులగోత్రాలు అడగదు. యాంటీబాడీలను వెతికే ఎలీసా వంటి పరీక్షలకు ఆయా జాతికి తగిన రసాయన కారకాలు కావాలి. ఆవుకు, కుక్కకు దొరుకుతాయి. పునుగుపిల్లికి, ఎలుగుబంటికి ఎక్కడ తెస్తారు? మ్యాట్‌కు ఆ బాధ లేదు, ఏ జంతువు సీరమైనా ఒకటే. లోపాలు కూడా తక్కువేమీ కాదు. జబ్బు కలిగించే రకాలు 250కి పైగా ఉన్నాయి. ప్రయోగశాలలో పెంచుతున్నవి పదో ఇరవయ్యో. మన పెన్నా ఒడ్డున తిరిగే రకం ఆ వరసలో లేకపోతే, జబ్బున్న జంతువు సీరం కూడా ఏమీ పట్టనట్టు ఉండిపోవచ్చు. ఇక టీకా వేసిన కుక్క, జబ్బు తగిలిన కుక్క ఈ పరీక్షకు ఒకేలా కనిపించవచ్చు.

అన్నిటికంటే పెద్ద లోపం ఇంటి దొంగ దగ్గరే బయటపడుతుంది. హార్జోను మోస్తూ మూత్రంలో వదులుతున్న ఆవుకు మ్యాట్‌లో నూరు కూడా రాకపోవచ్చు. ఎలుకల్లోనూ అంతే. మూత్రపిండం నిండా ఉంటుంది, సీరంలో జాడ ఉండదు. దీనికి తలకిందులుగా, ఎప్పుడో సోకి పూర్తిగా కోలుకున్న జంతువుకు పెద్ద అంకె వస్తుంది. అంటే ‘ఉంది’ అని వచ్చినది ప్రమాదకరం కాకపోవచ్చు, ‘లేదు’ అని వచ్చినదే ఊరంతటికీ పంచుతూ ఉండవచ్చు. సీరం చెప్పేది గడిచిన కథ. ఇవాళ ఏం జరుగుతున్నదో మూత్రం చెబుతుంది, మూత్రపిండం చెబుతుంది. నా విద్యార్థులతో ఎన్నో ఏళ్లు వాదించి ఒప్పించిన మాట ఇదొక్కటే.

మూత్రంలో, మూత్రపిండంలో వెతకడానికి ఇప్పుడు పీసీఆర్ ఉంది. జబ్బు కలిగించే లెప్టోస్పైరాల్లో మాత్రమే ఉండే లిప్‌ఎల్32 అనే జన్యువును పట్టుకుంటుంది. బతికున్నదా చచ్చిందా అన్న పట్టింపు లేదు. ఆనాడు నా గుడ్డసంచిలోని సీసాలకు పీసీఆర్ ఉండి ఉంటే ఆ రైతుకు వేరే జవాబు దొరికేదేమో. పెంచి చూడడం అనేది మరో తరహా వ్రతం. మూత్రం పట్టిన రెండు గంటల్లోపు రెండు మూడు చుక్కలు ప్రత్యేక మాధ్యమంలో వేసి, 28 నుంచి 30 డిగ్రీల వేడిలో పెట్టి, వారాలూ నెలలూ ఎదురుచూడాలి. అదృష్టం బాగుంటే పైమట్టానికి కాస్త కిందుగా పల్చటి తెల్లని వలయం ఏర్పడుతుంది. డింగర్ వలయం అంటారు. నా సర్వీసులో దాన్ని చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంత కష్టం ఎందుకంటే, మన నేలలో తిరిగే రకాలేవో తెలియాలన్నా, వాటిని మ్యాట్ వరసలో చేర్చాలన్నా, పెంచిన జీవి చేతిలో ఉండాలి.

ఇక జూ సంగతి. మనకు దగ్గరలో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర జూ పార్కు ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఏ జూలోని జంతువుకైనా ఒక సౌకర్యం ఉంది. రేపు కూడా అక్కడే ఉంటుంది! ఇవాళ రక్తం తీసి, రెండు వారాల తరువాత మళ్లీ తీసి, అంకె నాలుగింతలు పెరిగిందంటే జబ్బు ఇప్పుడే నడుస్తోందని గట్టిగా చెప్పవచ్చు. అలవాటు చేస్తే ఏనుగు చెవి నరం నుంచి రక్తం ఇస్తుంది. తేనె ఆశ చూపితే ఎలుగు కూడా కటకటాల సందులోంచి చేయి చాపుతుంది. మూత్రం దగ్గరే మోసపోతాం. గచ్చు మీద పడినదాన్ని సిరంజితో లాగి పంపిస్తారు. అప్పటికే బ్లీచింగ్ పౌడరుతో కడిగి ఉంటే అందులో బతికున్న లెప్టోస్పైరా దొరకదు. కడగకముందే తీసినా ఇంకో మెలిక ఉంది. రాత్రి ఆ గచ్చు మీద తిరిగిన ఎలుక కూడా మూత్రం పోసి ఉంటుంది. పీసీఆర్ ‘ఉంది’ అంటే, ఎవరిలో ఉన్నట్టు? అందుకే జూ వాళ్లు ఎవరైనా అడిగితే, పులి దగ్గరికి వెళ్లేముందు మేత గదిలో ఎలుకబోను పెట్టమంటాను. 1980లలో అమెరికా జూలలో నల్ల ఖడ్గమృగాలు ఎర్ర రక్తకణాలు పగిలి చనిపోతుంటే ఆరా తీశారు. వాటిలో కొన్నిటి వెనుక లెప్టోస్పైరా బయటపడింది. ఆఫ్రికా గడ్డి మైదానాల జంతువుకు పరాయి దేశపు గోడల మధ్య సోకిన జబ్బు అది.

అడవిలో మాత్రం జంతువు రేపు అక్కడ ఉండదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టుకోవడానికి లేదు, ఉండకూడదు కూడా. జబ్బు పరీక్ష కోసం ఒక దుప్పికి మత్తుసూది వేసి ప్రాణం మీదికి తేవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అయితే చనిపోయిన జంతువులు మనకు దొరుకుతూనే ఉన్నాయి. జాతీయ రహదారి మీద రోజూ ఏదో ఒకటి, ముంగిసో, నక్కో, పునుగుపిల్లో వాహనాల కింద పడుతుంది. పెంచలకోన అడవి అంచున అడవిపంది కరెంటు తీగకు తగులుతుంది. శవపరీక్షలో మనం కడుపు కోసి విషం కోసం జీర్ణాశయం పంపుతాం, కాలేయం పంపుతాం. మిగిలినదాన్ని కాల్చేస్తాం. ఆ మంటలో మూత్రపిండం కూడా పోతుంది. చేతులకు రెండు జతల తొడుగులు వేసుకొని, బఠాణీ గింజంత మూత్రపిండపు ముక్కను ఇథనాల్‌లో వేసినా చాలు, మంచుగడ్డ దొరకని చోట కూడా పీసీఆర్‌కు పనికొస్తుంది. మరో ముక్క ఫార్మలిన్‌లో వేస్తే స్టిమ్సన్ చూసినట్టే వెండి రంగులో చూడవచ్చు. రెండు ముక్కలనూ ఫార్మలిన్‌లోనే పడేయకండి. అది జన్యువును పాడుచేస్తుంది. అటవీ శాఖ మిత్రులారా, మీరు నెలకు రెండు ముక్కలు ఇప్పించినా ఏడాది తిరిగేసరికి ఈ జిల్లా గురించి ఇవాళ ఎవరూ చెప్పలేని సంగతి చెప్పగలం.

కాలిఫోర్నియా తీరంలో సముద్రసింహాలు కొన్నేళ్లకొకసారి ఈ జబ్బుతో గుంపులుగా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. జబ్బు ఉన్నది ఆ చనిపోయేవాటిలోనే అనుకునేవారు. తీరా బలంగా ఈదుతున్నవాటి మూత్రం చూస్తే వాటిలోనూ కొన్నిటిలో ఉంది. సముద్రంలోనూ ఇదే కథ కాబట్టి చెప్పాను, మైపాడు తీరంలో సముద్రసింహం కోసం వెతకకండి.

మన పొలాలకు వద్దాం. నెల్లూరుకు పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నాట్లూ అప్పుడే. దమ్ము చేసిన మడిలో మోకాటిలోతు బురద, కాళ్లకు పగుళ్లు, గట్టున కలుగులు. లెప్టోస్పైరాకు ఇంతకంటే అనుకూలమైన చోటు లేదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి కదా, అటువంటి వరదలో కలుగులన్నీ మునిగి ఎలుకలు మనుషులతోపాటే మెరక వెతుక్కుంటాయి. అండమాన్‌లో ఏళ్లపాటు పేరు తెలియక భయపెట్టిన రక్తస్రావ జ్వరం లెప్టోస్పైరోసిసే అని 1990లలో తేలింది. పేరు తెలిసేదాకా అక్కడ జరిగింది, మన దగ్గర జరగడం లేదని నేను ప్రమాణం చేయలేను.

పొలం ఎలుకల గురించి నాకు అసలు పాఠం చెప్పింది ఒక యానాది పెద్దాయన. ఇందుకూరుపేట వైపు కలుగులకు కుండతో పొగబెట్టి ఎలుకలు పట్టేవాడు. బోనులు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక నేను కాగితం మీద గళ్లు గీసుకుంటుంటే చూసి నవ్వాడు. ‘చెమ్మ గట్టున పందికొక్కు ఉంటుంది సార్, పొడి గట్టున చిట్టెలుక ఉంటుంది. కలుగు ముందు మట్టి తడిగా ఉంటే ఇంట్లో ఉన్నట్టు’ అన్నాడు. నా గళ్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎక్కడ తడి ఉందో అక్కడ పందికొక్కు, ఎక్కడ పందికొక్కు ఉందో అక్కడ ఆయన వట్టి చేతులు. కలుగులోంచి తీసిన వడ్లు, పట్టిన ఎలుక, రెండూ ఆ చేతులతోనే. ఎలుకల మూత్రపిండాలు పంపాలని మనం ఆలోచిస్తున్నాం, బాగానే ఉంది. వాటిని పట్టి ఇచ్చే మనిషి చేతికి తొడుగు, కాలికి బూటు ఇవ్వకుండా ఆ పని మొదలుపెట్టకండి. ఆయనకు జ్వరం వస్తే డాక్టరుకు మొదట చెప్పవలసిన మాట, ‘ఎలుకలు పట్టాను, మడిలో దిగాను’ అని. ఆ మాట ఎవరూ అడగరు కాబట్టి ఆయనే చెప్పాలి, లేదా మీరు వెంట వెళ్లి చెప్పాలి.

నమూనాలు ఎక్కడికి పంపాలని ఇందాక ఒకాయన చీటీ పంపారు. పశువుల సీరాలకు బెంగళూరులో నివేది అనే పశువ్యాధుల పరిశోధన సంస్థ ఉంది. లెప్టోస్పైరోసిస్ మీద అండమాన్‌లో, ఒకప్పటి పోర్ట్‌బ్లెయిర్ అయిన శ్రీ విజయపురంలోని ఐసీఎంఆర్ కేంద్రానికి చాలా ఏళ్ల అనుభవం ఉంది. పంపేముందు ఫోను చేసి ఏ పాత్రలో, ఎంత చల్లదనంలో, ఏ రోజున తీసుకుంటారో కనుక్కోండి. శనివారం మాత్రం పంపకండి.

వెనుక బల్ల మీద డార్క్ ఫీల్డ్ సూక్ష్మదర్శిని పెట్టించాను. స్లైడు మీద ఉన్నది లెప్టోస్పైరా బైఫ్లెక్సా, నీళ్లలో బతికే జాతి, ఎవరికీ హాని చేయదు. కరెంటు ఉన్నంతసేపు చూడవచ్చు. ఇద్దరిద్దరుగా రండి. మొదట ఏమీ కనిపించదు, స్క్రూ తిప్పకుండా కాసేపు ఊరికే చూస్తూ ఉండండి.